దిగులు పడకూడని మనిషి

మా ఇంట్లో మా నాన్నకు చెడ్డ కబురు చెప్పడం నిషేధం. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మొదలైన ఈ చట్టం పన్నెండేళ్ళకు పైగా నడిచింది. దాన్ని అమలు చేసింది మా అమ్మ. ఆమెకు ఆ మాట చెప్పింది ఒక డాక్టరుగారు. ఆయనకు చెప్పింది ఆయన చదివిన పుస్తకాలు. ఇందులో ఎవరూ చెడ్డవాళ్ళు కారు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మధ్యలో నాకు కోపం వస్తుంది, వచ్చినప్పుడు నేను అందరినీ తిడతాను.

నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటరు. మేం కంచరపాలెంలో, రైలు వెళ్తే గోడకున్న అద్దం కదిలేంత దగ్గరగా, రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. అన్నం తిన్న రెండు గంటలకల్లా ఆయనకు కడుపులో మంట మొదలయ్యేది. అంత ఎత్తున క్రేన్ గదిలో కూర్చుని, ఒక చేత్తో లివరు, ఒక చేత్తో పొట్ట పట్టుకునేవాడట. డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి, కడుపులో పుండు పడిందన్నారు. మూడు మాటలు చెప్పారు. కారం ముట్టకూడదు. రెండు గంటలకోసారి పాలు తాగాలి. దిగులు పడకూడదు.

మా అమ్మది ఆనందపురం దగ్గర పల్లె, వ్యవసాయం చేసే ఇల్లు. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ గంజి తాగిన మనిషి. ఐదో తరగతితో చదువు ఆగిపోయింది కానీ, డాక్టరు చెప్పిన మాటను ఒక్క అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకోవడంలో మా కాలేజీ మొత్తం మీద ఆవిడంత విద్యార్థిని నేను చూడలేదు. కారం మానమన్నది నాన్ననే అయినా ఆవిడ ఇంటిల్లిపాదికీ మాన్పించేసింది.

“ఆయన తినంది మనకేటి? కారం ఇంట్లోకి వొచ్చిందా, నాను బయటికెల్లిపోతాను” అంది.

వెళ్ళిపోతుందని మాకు భయం లేదు గానీ, అంత గట్టిగా అన్నాక ఎదురు చెప్పలేకపోయాం. చప్పిడి పప్పు, చప్పిడి బీరకాయ, చప్పిడి చేపల పులుసు. చప్పిడి చేపల పులుసు తిన్నవాళ్ళకు తప్ప నా బాధ అర్థం కాదు. నేనూ తమ్ముడూ పక్కింటి దర్జీగారి భార్య దగ్గరికి పోయి, అరచేతిలో ఆవకాయ వేయించుకుని నాకి, చెయ్యి కడుక్కుని, ఏమీ ఎరగనట్టు ఇంటికి వచ్చేవాళ్ళం. మేం ఆవిడను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళం. వాళ్ళది మొదట పోర్టు పక్కనున్న పాత ఊరు, పెళ్ళయ్యాక కంచరపాలెం వచ్చారు.

ఇంక మూడో మాట. దిగులు పడకూడదు. దీన్ని అమలు చేయడం కారం మాన్పించినంత తేలిక కాదు, కారం డబ్బాలో ఉంటుంది, దిగులు ఎటునుంచైనా వస్తుంది. అమ్మ అన్ని దార్లూ మూసేసింది. నా లెక్కల మార్కుల కాగితం మీద తనే సంతకం పెట్టింది. తమ్ముడు రైల్వే గోడ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, బడిలో ప్రథమ చికిత్స నేర్పుతున్నారనీ, వీణ్ణి బొమ్మలా కూర్చోబెట్టి కట్టు కట్టారనీ నాన్నకు చెప్పింది. నాన్న నమ్మాడు. మూడు వారాలయ్యాక మాత్రం వాడి చెయ్యి చూసి, “ఇంకా ఎన్నాల్లు నేరుపుతార్రా, ఇదొక్కటేనేటి మీకు పాఠం?” అన్నాడు. ఖాలా వాళ్ళ నాన్న పోయినప్పుడు, గోడకు అటుపక్కనుంచి ఏడుపు వినిపిస్తే మా నాన్న కంగారు పడతాడని, ఆయన డ్యూటీకి వెళ్ళేదాకా ఖాలా నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది. ఎవరూ అడగలేదు. ఆవిడే అలా చేసింది.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా నాన్నకు నెత్తురు వాంతి అయింది. పది రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఇంటికి పంపే ముందు డాక్టరుగారు అమ్మను వరండాలోకి పిలిచి, “ఈసారి గండం గడిచింది. ఇక మీదట ఏ షాకూ తగలకూడదు. తగిలితే పుండు పగిలిపోతుంది” అన్నారు. నేను పక్కనే ఉన్నాను. అమ్మ తల ఊపడం చూశాను. ఆ క్షణాన ఆవిడ మొహంలో కనిపించిన భయం తర్వాత ఎప్పుడూ చూడలేదు.

నాన్న ఇంటికి వచ్చిన నాలుగో రోజున ఆనందపురం నుంచి మా మేనత్త కూతురు వచ్చింది. నాకంటే పెద్దది, నాకు వదిన అవుతుంది. మా మేనత్త అంటే నాన్నకు అక్క. మా వైపు అక్కను అప్ప అంటారు. నాన్నకు ఐదేళ్ళప్పుడు వాళ్ళమ్మ పోతే, పదమూడేళ్ళ అప్ప ఆయన్ను చంకనేసుకుని పెంచింది. ఆయనకు అన్నం కలిపి పెట్టింది, బడికి తోసింది, పోర్టులో ఉద్యోగం వచ్చినప్పుడు చెరువు గట్టు దాకా వచ్చి సాగనంపింది.

అమ్మా నేనూ వీధి కుళాయి దగ్గర నీళ్ళు పడుతున్నాం. వదిన అక్కడే ఆగింది.

“అత్తా, మా యమ్మకి బాగోలేదు. మావని సూడాలంటంది. ఒక్కసారి పంపు.”

అమ్మ బిందె కింద పెట్టింది. “మీ మావ ఇప్పుడే ఇంటికొచ్చినాడమ్మా. ఈ కబురు ఇంటే పేనం పోద్దన్నారు డాట్రుగారు. నాలుగు రోజులాగు. నాను మెల్లగా సెప్తాను.”

“నాలుగు రోజులుంటాదో లేదో తెలీదత్తా.”

“ఇద్దర్నీ నాను కాపాడలేను తల్లీ. ఒక్కన్ని దక్కనీ.”

వదిన ఇంట్లోకి రాకుండానే వెనక్కి వెళ్ళింది. వారం తర్వాత మళ్ళీ వచ్చింది, మళ్ళీ కుళాయి దగ్గరే అమ్మ ఆపేసింది. మూడోసారి తను రాలేదు, కబురు వచ్చింది. అప్పుడు మాత్రం అమ్మ నాన్న పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యేసి, అప్పకు ఉన్నట్టుండి ప్రాణం పోయిందని చెప్పింది. నాన్న ఏడవలేదు. అమ్మ ఏడవనివ్వలేదు కూడా. ఆనందపురంలో అప్పను పడుకోబెట్టిన చోట, నాన్న బయట అరుగు మీద కూర్చుని ఉండగా, నలుగురూ వింటుండగా వదిన అమ్మతో అంది:

“పది రోజులు మా యమ్మ గుమ్మం కేసే సూసింది. నీ మొగుడు నీకు దక్కినాడు కదత్తా. ఇంక మా గుమ్మం తొక్కకు.”

మర్నాటినుంచి ఆ విషయం మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నాన్న ఎత్తలేదు కాబట్టి వదిన మాటలు ఆయన చెవిన పడలేదనుకున్నాను. ఆ వయసులో నాకు పరీక్షలే లోకం. మరిచిపోయాను. ఇదీ నా తప్పు.

ఆరేళ్ళు గడిచాయి. నేను జువాలజీలో ఎమ్మెస్సీ చేసి ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. మా డాక్టరుగారు రిటైరయ్యారు. నాన్నకు నొప్పి మళ్ళీ ముదిరింది. ఈసారి నేనే ఒక కుర్ర డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన నోట్లోంచి గొట్టం దింపి, కెమెరాతో పుండును చూసి, అక్కడి లోపొర ముక్క గిల్లి పరీక్షకు పంపాడు. మూడో రోజున చెప్పాడు: కడుపులో బాక్టీరియా ఉంది, పుండుకు అదే కారణం, పద్నాలుగు రోజులు మాత్రలు మింగితే పోతుంది.

పద్నాలుగు రోజులు! పన్నెండేళ్ళ చప్పిడి తిండికి ఎదురుగా పద్నాలుగు రోజులు. ఈ బాక్టీరియా గురించి నేను యూనివర్సిటీలో చదివాను కానీ, అది మా ఇంట్లోనే, మా నాన్న పొట్టలోనే కాపురం చేస్తోందని నాకు తట్టలేదు. చదివినదాన్ని ఇంటిదాకా తెచ్చుకోకపోవడం మా చదువుకున్నవాళ్ళ జబ్బు. దానికింకా మాత్ర కనిపెట్టలేదు.

మాత్రలు అయ్యాయి, మళ్ళీ పరీక్ష చేస్తే క్రిమి లేదు. ఆ కాగితం పట్టుకుని నేను ఇంటికి పరిగెత్తాను. అమ్మ వంటింట్లో ఉంది. నా జీవితంలో నేను చెప్పిన పాఠాలన్నిటిలోకీ అద్భుతమైనది ఆ రోజు ఆవిడకు చెప్పాను. కారం కారణం కాదమ్మా. పాలు తాగితే కాసేపు హాయిగా ఉంటుంది కానీ తర్వాత యాసిడ్ ఇంకా ఎక్కువ ఊరుతుంది, మనం పోసిన పాలన్నీ మంట పెంచడానికే పోశాం. అంతా తప్పు. మనం చేసిందంతా దండగ!

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది. “దిగులు కూడా కాదేటి?” అంది.

“కాదమ్మా! ఇంట్లో బాంబు పేలినా నాన్నకేమీ అయ్యుండేది కాదు.”

నవ్వుతూ చెప్పాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, తలుచుకుంటే నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది. అమ్మ గరిటె పక్కన పెట్టి, స్టవ్ ఆపేసి, పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కుంది. నాన్న ఆ రోజు ఖాలా ఇచ్చిన ఆవకాయ వేసుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే దగ్గుతూ, నవ్వుతూ, మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. అమ్మ ఆ రోజు తినలేదు. ఆకలి లేదంది.

నాలుగు రోజులు ఆవిడ సరిగ్గా మాట్లాడలేదు. నాకు చిరాకేసింది. ఇంత మంచి వార్త తెస్తే ఈవిడకేమిటి అనుకున్నాను. ఐదో రోజు పొద్దున్న నేను కోచింగ్ సెంటర్‌కి బయలుదేరుతుంటే గుమ్మం దగ్గర ఆపి అడిగింది.

“అయితే అప్పుడు మీ నాన్న ఎల్లుంటే ఏటీ అయ్యేది కాదా?”

“ఎక్కడికి?”

“ఆనందపురం. మీ మేనత్త దగ్గరికి.”

బస్సులో కూర్చున్నాక గానీ ఆ ప్రశ్న నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఆవిడ అప్పుడు ఒక లెక్క వేసుకుంది. ఒక పక్క ఆడబిడ్డ ఆఖరి కోరిక, ఒక పక్క మొగుడి ప్రాణం. ఏది బరువో డాక్టరుగారు చెప్పారు కాబట్టి ఆ పక్కకు మొగ్గింది. పాపమని తెలిసే చేసింది, ప్రాణం దక్కుతుందని చేసింది. ఇప్పుడు నేను వచ్చి, ఆ ప్రాణానికి అసలు గండమే లేదనీ, పాపం మాత్రం మిగిలిందనీ, నవ్వుతూ చెప్పాను.

ఆ సాయంత్రం నేను మా పాత డాక్టరుగారింటికి వెళ్ళాను. పోట్లాడడానికే వెళ్ళాను. ఆయన వరండాలో కూర్చుని మొక్కల కుండీల్లో మట్టి గుల్ల చేస్తున్నారు. నన్ను గుర్తుపట్టి, నాన్న ఎలా ఉన్నాడని అడిగారు. జరిగిందంతా చెప్పాను, కుళాయి దగ్గర మాటలతో సహా. ఆయన చేతుల మట్టి దులుపుకోకుండానే విన్నారు.

“అంత యాసిడ్‌లో ఏ సూక్ష్మజీవీ బతకదని మా ప్రొఫెసర్లు గట్టిగా చెప్పేవారమ్మా. అది తెలియనివాడు పరీక్ష తప్పేవాడు” అన్నారు. మళ్ళీ కుండీలో మట్టి కదుపుతూ, “నేను చూశాను కూడా” అన్నారు.

“ఏం చూశారు?”

“ఆ క్రిముల్ని. చదువుకునే రోజుల్లో. ఆపరేషన్ చేసి తీసిన కడుపు ముక్కల్ని గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపులో చూసేవాళ్ళం. వంకరగా, సన్నగా ఏవో కనబడ్డాయి. మా ప్రొఫెసర్ని అడిగితే, పలక సరిగ్గా కడగలేదు, మళ్ళీ చేసుకురమ్మన్నాడు. మళ్ళీ చేశాను. ఈసారి ఇంకా స్పష్టంగా కనబడ్డాయి. కానీ ఆయన మురికి అన్నాడు కదా, మురికే అనుకున్నాను. పాసవ్వాలి కదమ్మా. నాలాగా ఎంతమంది చూసి వదిలేశారో. ఎక్కడో ఎవరో ఇద్దరు మాత్రం మురికి కాదన్నారు, వాళ్ళ మాట కూడా నమ్మించడానికి ఏళ్ళు పట్టింది.”

నేను తెచ్చుకున్న కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. అయినా వదలకుండా, “మరి దిగులు పడితే పుండు పగులుతుందని అంత గట్టిగా ఎలా చెప్పారండీ?” అన్నాను.

“నమ్మే చెప్పాను. నేనిచ్చిన మాత్రలు యాసిడ్ తగ్గించాయి, అందుకే మనిషి నిలబడ్డాడు, అది అబద్ధం కాదు. కానీ దిగులు మాట మందుతో పాటు అందరికీ చెప్పేవాణ్ణి, మనిషికి కాస్త విశ్రాంతి దొరుకుతుందని. ఎవరూ పాటించేవారు కాదు. మీ అమ్మ పాటించింది.” ఆయన కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు. “ఆవిడకు నేను వచ్చి చెప్పనా?”

వద్దన్నాను. ఏం చెబుతారో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

తర్వాతి వారమంతా నేను యూనివర్సిటీ లైబ్రరీలో గడిపాను. నా పాఠం తప్పని రుజువు చేసుకోవడానికి అంత కష్టపడి చదివిన మనిషిని నేనొక్కదాన్నేనేమో. కొంత దొరికింది కూడా. ఆ క్రిమి ఉన్నవాళ్ళందరికీ పుండు పడదు, చాలామంది దాన్ని కడుపులో మోస్తూ హాయిగా తిరుగుతారు. వాళ్ళలో కొందరికే ఎందుకు పుండు పడుతుందన్నదాంట్లో దిగులుకూ కొంత పాత్ర ఉండొచ్చని రాశారు. ఉండొచ్చు, అని. నేను ఆ ‘ఉండొచ్చు’ను పట్టుకుని ఇంటికి వెళ్ళాను.

అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. పక్కన కూర్చుని చెప్పాను. అంతా విని, బియ్యంలోంచి రాయి ఏరి పారేసి, నా మొహంలోకి చూసింది.

“మొన్న కాదన్నావ్. ఇవాల ఔనంటన్నావ్. నా మొకం సూసి మారిపోద్దేటి మీ సైన్సు?”

“లేదమ్మా, నిజంగానే రాశారు.”

“రాసుంటారు. నువ్వు ఎతుక్కుంటే దొరికింది. నాను ఏడవకపోతే ఎతికేదానివా?”

ఎమ్మెస్సీలో నన్ను ఇంత సూటి ప్రశ్న ఎవరూ అడగలేదు. కావలసిన జవాబు ముందే మనసులో పెట్టుకుని వెతికితే అది దొరుకుతుందని, అలా దొరికినదాన్ని నమ్మకూడదని, నేను పిల్లలకు బోర్డు మీద గీసి మరీ చెబుతాను. ఐదో తరగతి చదివిన మనిషి చేటలో బియ్యం చెరుగుతూ నాకు అదే చెప్పింది. సిగ్గుపడ్డాను, గర్వపడ్డాను కూడా.

సైన్సు నిజంగా ముందుకు పోతుందా అని ఇప్పుడు నా క్లాసులో పిల్లలు అప్పుడప్పుడు అడుగుతారు. నిన్న ఒకటి చెప్పి ఇవాళ ఇంకొకటి చెబుతున్నారు కదా మేడమ్, రేపు ఇది కూడా తప్పంటారేమో అంటారు. పోతుందనే చెబుతాను. మా నాన్నకు డెబ్బై దాటాయి, పుండు మళ్ళీ రాలేదు, ఇంతకన్నా రుజువు నాకు అక్కర్లేదు. ఆ మాత్రలు కూడా ఇప్పుడు చాలామందికి పని చేయడం లేదు, క్రిములు వాటికి అలవాటు పడిపోయాయి, డాక్టర్లు వేరే మందులు కలిపి చూస్తున్నారు. అంటే నడక ఆగలేదు. కానీ అల్సర్‌కు కారణాలు రాయమని నా ఇంటర్ పరీక్షలో అడిగితే కారం, ఆందోళన అని రాసి నేను పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. ఇప్పుడు మా పిల్లలు అదే ప్రశ్నకు బాక్టీరియా దగ్గర టిక్కు పెట్టి పూర్తి మార్కులు తెచ్చుకుంటారు. కొత్త జవాబు వచ్చినప్పుడు పాత జవాబును పుస్తకంలోంచి తీసేస్తారు, అంతే. దాన్ని నమ్మి బతికినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఎవరూ చెప్పి రారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

అమ్మ నన్ను చేట పక్కన ఆ ప్రశ్న అడిగిన తర్వాతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్న గుమ్మంలో పేపరు చదువుకుంటున్నాడు. అమ్మ వెళ్ళి ఎదురుగా కూర్చుంది. నేను లోపలి గదిలో పేపర్లు దిద్దుతున్నాను, తలుపు తెరిచే ఉంది.

“మీ యప్ప పోయినప్పుడు ఉన్నట్టుండి పోలేదు. పది రోజులు మంచంలో ఉంది. నీకోసం పిల్ల రెండుసార్లు వొచ్చింది. నానే ఎనక్కి పంపేసినాను. నీకు సెప్పనేదు” అంది అమ్మ. చాలాసార్లు లోపల చెప్పుకున్న మాటలవి.

నాన్న పేపరు మడిచాడు. మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు.

“నాకు తెలుసే” అన్నాడు.

నేను పెన్ను కింద పెట్టేశాను.

“ఆసుపత్రినుంచి వొచ్చినాక, నన్ను సూడ్డానికని మా పోర్టులో ఆనందపురం మనిసి వొచ్చినాడు. నువ్వు మందుల కొట్టుకెల్లినావ్. అప్పకి బాగోలేదు, ఎల్లి సూడు బావా అన్నాడు. నాను సెప్పినట్టు ఎవలికీ సెప్పకు అన్నాడు. నానూ సెప్పనేదు.”

“తెలిసీ ఎల్లనేదా?”

“భయమేసినాది. అప్పని అలాగ సూత్తే ఏడుపొత్తాది, ఏడిత్తే లోపల పగిలిపోద్ది అనుకున్నాను. నాను పోతే మీరేటయిపోతారు అనుకున్నాను.” పేపరు పక్కన పెట్టాడు. “అది కూడా అబద్దమేలే. మీకోసం కాదు. సచ్చిపోతానని భయం. నువ్వెలాగూ సెప్పవు కదా, తెలీనట్టు ఉంటే సరిపోద్ది అనుకున్నాను. ఆ పిల్ల నిన్ను అందరిలో అన్ని మాటలంటంటే, అరుగు మీదినుంచి ఇంటా కూడా నోరిప్పనేదు.”

మా అమ్మ తిట్టింది. నేను పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నాన్నను అలా తిట్టడం వినలేదు. ఆరేళ్ళు కంటిమీద కునుకు లేకుండా చేశావంది, నేను గుళ్ళో దణ్ణం పెట్టుకోలేకపోయానంది, నన్ను ముందుకు తోసి వెనకాల దాక్కున్నావంది. ఏడ్చింది, ఏడుస్తూ తిట్టింది. పక్కింట్లో ఖాలా కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయింది. అంతా అయ్యాక, “రేపు ఎల్దాం. నువ్వూ రా. ఆ పిల్లకి నానే సెప్తాను” అన్నాడు.

మర్నాడు ముగ్గురం బస్సెక్కాం. ఆనందపురం జంక్షన్‌లో దిగి, పూల మూటలు వేలం వేసే చోటు దాటి నడిచాం. వదినా వాళ్ళ ఇల్లు హైవేకి రెండు వీధులు లోపల ఉంటుంది. వదిన వాకిట్లో బంతిపూలు గంపలోకి ఎత్తుతోంది. నాన్నను చూసి లేచి, “రా మావా” అంది. అమ్మను చూసి చూపు తిప్పుకుంది. నాన్న లోపలికి వెళ్ళాడు, ఆయన వెనక నేను వెళ్ళాను. అమ్మ గుమ్మం తొక్కలేదు. అరుగు మీద, స్తంభం పక్కన, కొంగు భుజం నిండా కప్పుకుని కూర్చుంది.

నాన్నకు మంచినీళ్ళిచ్చి వదిన నిలబడింది. ఆయన గ్లాసు పట్టుకుని, తాగకుండా, అరుగు మీదున్న అమ్మకు కూడా వినబడేలా గట్టిగా చెప్పాడు. ముందు రోజు చెప్పిందే. ఒక్క ముక్క తగ్గించలేదు. భయపడ్డానని చెప్పాడు, తెలిసీ రాలేదని చెప్పాడు, మీ అత్త తప్పేమీ లేదని చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. అరవయ్యేళ్ళకు దగ్గరపడుతున్న మనిషి, చిన్నపిల్లాడిలా భుజాలు ఎగరేస్తూ ఏడ్చాడు.

వదిన గోడకు ఆనుకుని నేలకేసి చూసింది.

“మా యమ్మ అంది మావా” అంది చివరికి. “రెండోసారి నాను మీ ఇంటికాడినుంచి తిరిగొచ్చి, అత్త రానివ్వనేదని తిడతంటే, మీ అత్తని తిట్టకు అంది. ఆడికి తెలిసే ఉంటాది, భయపడతన్నాడు, ఆడు సిన్నప్పటినుంచీ పిరికోడే, నాను సీకట్లో తోడెల్తే గానీ బయటికెల్లేవాడు కాదు అంది. నాను నమ్మనేదు. తమ్ముడి మీద పేమ కొద్దీ అలాగంటందనుకున్నాను.”

నాన్న తల ఎత్తలేదు. పుస్తకాల్లో లేని సంగతి ఒకటి ఆ మంచం మీద పడుకున్న మనిషికి తెలుసు. ఏ పరీక్షా చేయకుండా, గుమ్మం కేసి చూస్తూ, ఆవిడ సరిగ్గా కనిపెట్టింది. మేం ఎవరం ఆవిడను అడగలేదు.

వదిన బయటికి వచ్చింది. అమ్మ ముందు నిలబడి, ఒంగి, రెండు చేతులూ పట్టుకుంది.

“లే అత్తా. లోపలికి రా. మా యమ్మ పడుకున్న గది సూద్దువు గాని.”

అమ్మ లేచింది. వదిన భుజం పట్టుకుని గుమ్మం దాటింది. నాన్న కూడా కళ్ళు తుడుచుకుని వాళ్ళ వెనకే గదిలోకి అడుగు వేయబోయాడు. వదిన వెనక్కి తిరిగి చెయ్యి అడ్డం పెట్టింది.

“నువ్వు అరుగు మీద కూకో మావా. కొంచేపు.”

నాన్న వెళ్ళి, అమ్మ లేచిన చోట కూర్చున్నాడు.